“ఫ్యాన్ ఆన్” అంటే ఫ్యాన్ తిరగాలి: ఈ నెల మీ ప్రశ్నలు

పక్షవాతం వచ్చాక మా నాన్నగారి గదిలో మాటతో పనిచేసే స్విచ్‌లు పెట్టించిన సంగతి మొన్నామధ్య వేరే ఏదో జవాబులో రెండు ముక్కలు రాశాను. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. అందుకే ఈ నెల పేజీ అంతా ఆ ముచ్చటే, ఫోన్ల ప్రశ్నలు పంపినవాళ్లు వచ్చే నెల దాకా ఆగాలి.

ప్రశ్న: మా తమ్ముడికి 29 ఏళ్లు. రెండేళ్ల కిందట బైకు యాక్సిడెంట్‌లో మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది. డాక్టర్లు సీ5 లెవెల్ అన్నారు. భుజాలు కదులుతాయి, మోచేతులు మడవగలడు, వేళ్లు పనిచేయవు. మాట స్పష్టంగానే ఉంది కానీ ఇంగ్లిష్ అంతంతమాత్రం. అమ్మ అంగన్‌వాడీలో చేస్తుంది, నాది బ్యాంకు ఉద్యోగం, ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 2 దాకా వాడొక్కడే ఉంటాడు. ఇల్లంతా వాయిస్ కంట్రోల్ చేసిస్తామని ఒకాయన వచ్చి 2,80,000 కొటేషన్ ఇచ్చాడు. కర్టెన్లకు మోటార్లు, హాల్లో రంగులు మారే లైట్లు, మెయిన్ డోర్‌కి లాక్, అన్నీ కలిపి. ఇల్లు 1994లో కట్టింది. అంత పెట్టాలా? ఏది తీసుకోవాలి?
– ఒక అక్క, తెనాలి

జవాబు: ఆ కొటేషన్ని ముందు బీరువాలో పెట్టెయ్యమ్మా. ఒక తెల్ల కాగితం తీసి తమ్ముడి మంచానికి తగిలించండి. మూడు రోజులపాటు తను ఎవరిని పిలిచినా ఎందుకు పిలిచాడో, ఎన్నింటికి పిలిచాడో రాయండి, రాత్రి పిలుపులు కూడా. ఒంటరిగా ఉన్న నాలుగు గంటల్లో పిలవాలనిపించి ఊరుకున్నవి వాడినే అడిగి రాసుకోండి, అసలైనవి అవే. మా నాన్నగారి కాగితంలో మూడు రోజుల్లో ఫ్యాను 19 సార్లు వచ్చింది. లైటు ఏడు సార్లు. కర్టెన్ ఒక్కసారి, అది కూడా ఎదురింట్లో ఏదో గొడవవుతుంటే చూద్దామని.

మీ తమ్ముడి విషయంలో ఫ్యాను, ఏసీ మొదట రావడానికి ఇంకో కారణం ఉంది. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లకి దెబ్బ కింది భాగంలో చెమట సరిగ్గా పట్టదు, చలికి వణుకూ రాదు. అంటే గది వేడెక్కితే ఒళ్లూ వేడెక్కుతుంది, తనంతట తాను చల్లబడే దారి చాలావరకు మూసుకుపోయినట్టే. మే నెలలో మీ ఊళ్లో మధ్యాహ్నం పన్నెండు గంటలకి కరెంటు వచ్చీపోతూ ఉంటే ఆ గదిలో ఫ్యాను వేసుకోగలగడం సుఖం కోసం కాదు, ఆరోగ్యం కోసం. చలికాలం తెల్లవారుజామున దాన్ని ఆపుకోగలగడమూ అంతే. కాబట్టి డబ్బు ముందు అక్కడ పెట్టండి.

ఇక భాష. నేనిది రాస్తున్న రోజుకి మన మాట విని స్విచ్‌లకి చెప్పే అలెక్సా, గూగుల్ స్పీకర్లు మన దేశంలో వినేది ఇంగ్లిష్, హిందీ. తెలుగు లేదు. ఫోన్లో సంగతి వేరు, గూగుల్ జెమినై యాప్ 2024 జూన్‌లో తెలుగుతో సహా తొమ్మిది భారతీయ భాషల్లో వచ్చింది, మాట్లాడితే బాగానే అర్థం చేసుకుంటుంది. అయితే కబుర్లు అర్థమవడం ఒకటి, గోడ మీది స్విచ్ వెయ్యడం ఇంకొకటి. ఫోన్ దారిలో వెళ్దామనుకుంటే ఒక 800 రూపాయల స్మార్ట్ ప్లగ్ (గోడ సాకెట్‌కీ వస్తువుకీ మధ్య పెట్టేది, మాటతో ఆన్, ఆఫ్ అవుతుంది) కొని, టేబుల్ ల్యాంపుకి పెట్టి, తమ్ముడి చేతే తెలుగులో ఓ వారం చెప్పించి చూసి, అప్పుడు మిగతావి కొనండి.

నిజానికి భాష గురించి మనం భయపడేంత లేదు, ఎందుకంటే తెలుగువాళ్లెవరూ “పంకా తిప్పుము” అనరు కదా, “ఫ్యాన్ ఆన్”, “ఏసీ ఆఫ్”, “లైట్ ఆఫ్” అనే అంటాం, ఆ రెండు ముక్కలు చాలు. మా ఇంట్లో కొంచెం తిప్పలు పడ్డాం. నాన్నగారు ఆన్ అనరు, “ఫ్యాను వెయ్యవే” అంటారు, అరవై ఏళ్ల అలవాటు. అలెక్సా యాప్‌లో రొటీన్ అని ఉంటుంది, మనకి కావలసిన మాట మనమే టైపు చేసి, ఆ మాట వినపడితే ఏం చెయ్యాలో పెట్టుకోవచ్చు. ఇంగ్లిష్ అక్షరాల్లో ఆ మాటే కొట్టి పెట్టాను. పదిసార్లలో ఆరుసార్లు పట్టుకుంది, నాలుగుసార్లు ఏదో హిందీ పాట ఎత్తుకుంది. ఆఖరికి “ఫ్యాన్ ప్లీజ్” దగ్గర రాజీ పడ్డాం, ఆయనకి నవ్వొచ్చి ఆ మాటే అలవాటు చేసుకున్నారు. మీ తమ్ముడు కుర్రాడు, ఈ పేచీ ఉండదు.

పేర్లు పెట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త. బెడ్‌రూమ్ లైట్, బాత్‌రూమ్ లైట్ అని పెట్టారో, చచ్చారే, మిషనుకి రెండూ ఒకటే వినిపిస్తాయి. దూరంగా వినిపించే పేర్లు పెట్టండి, రాజు లైట్, గేట్ లైట్, అలా. ఏ పేరైనా మీ తమ్ముడు పెడితేనే బాగుంటుంది, రోజూ పలకాల్సింది వాడు.

ఏం కొనాలి అంటే: స్మార్ట్ బల్బులు వద్దు. బల్బు బాగానే ఉంటుంది, కానీ మీ అమ్మగారు రాత్రి పడుకునే ముందు అలవాటుగా గోడ స్విచ్ ఆపేస్తారు. ఆపాక ఆ బల్బుకి కరెంటే ఉండదు, తమ్ముడు ఎంత అరిచినా వెలగదు. దానికి బదులు స్విచ్ బోర్డు లోపల, స్విచ్‌ల వెనకాల పెట్టే చిన్న మాడ్యూళ్లు దొరుకుతాయి. అవి పెడితే గోడ మీద చేత్తో వేసినా పనిచేస్తుంది, మాటతో చెప్పినా పనిచేస్తుంది. ఈ రెండు దారుల్లో ఏ ఒక్కదాన్ని మూసేసే వస్తువైనా సరే, ఎంత ఖరీదైనదైనా, మీ ఇంటికి తేవద్దు.

1994 ఇల్లు అన్నారు కాబట్టి న్యూట్రల్ సంగతి చూడాలి. ఈ మాడ్యూళ్లలో ఎక్కువ వాటికి కరెంటు తెచ్చే ఫేజ్ వైరుతోపాటు దాన్ని వెనక్కి తీసుకెళ్లే న్యూట్రల్ వైరు కూడా కావాలి. పాత ఇళ్లలో ఉత్త స్విచ్‌లు మాత్రమే ఉన్న బోర్డులోకి చాలాసార్లు న్యూట్రల్ రాదు. కానీ మన బోర్డుల్లో సాధారణంగా కింద ఒక ప్లగ్ సాకెట్ ఉంటుంది, అది ఉంటే న్యూట్రల్ ఉన్నట్టే. ఎలక్ట్రీషియన్ చేత బోర్డు విప్పించి టెస్ట్ ల్యాంపుతో చూపించుకోండి, లోపల మాడ్యూల్ పట్టేంత లోతు కూడా ఉందో లేదో అప్పుడే తేలుతుంది. ఫ్యాన్‌కి మాత్రం ఫ్యాన్ స్పీడు మార్చగల మాడ్యూలే అడగండి, లైటుది తగిలిస్తే ఆన్, ఆఫ్ తప్ప స్పీడు తగ్గదు. లేదంటే రిమోట్‌తో వచ్చే బీఎల్‌డీసీ ఫ్యాన్ కొనేయండి, మామూలు ఫ్యాను 75 వాట్లు లాగితే ఇది 30 వాట్ల చుట్టుపక్కలే లాగుతుంది, ఇన్వర్టర్ మీద ఎక్కువసేపు వస్తుంది.

ఏసీకి, టీవీకి, ఆ ఫ్యాన్ రిమోట్‌కి కలిపి ఒక ఐఆర్ బ్లాస్టర్ చాలు. అరచేతిలో పట్టే నల్ల డబ్బా, రిమోట్ చేసే పనే చేస్తుంది. దానికీ ఏసీకీ మధ్య బీరువా అడ్డం ఉండకూడదు. ఏసీని స్మార్ట్ ప్లగ్‌కి తగిలించి ఆపడం, వెయ్యడం మాత్రం చెయ్యకండి, నడుస్తున్న కంప్రెసర్‌కి కరెంటు కోసెయ్యడం మంచిది కాదు, పైగా కరెంటు ఇచ్చినా కొన్ని ఏసీలు వాటంతటవి మళ్లీ మొదలవ్వవు. టీవీతో ఇంకో తమాషా ఉంది. చాలా టీవీలకి ఆన్‌కీ ఆఫ్‌కీ రిమోట్ మీద ఒకటే బటన్. ఆ డబ్బాకి టీవీ వెలుగుతోందో లేదో తెలీదు, సిగ్నల్ పంపడమే దాని పని. అందుకని వెలుగుతున్న టీవీకి “టీవీ ఆన్” అంటే ఆరిపోతుంది. మొదటిసారి అందరూ చెడిపోయిందనుకుంటారు.

ఇప్పుడు చెప్పేది కాస్త గట్టిగా చెప్తున్నాను. పడక పుండ్లు రాకుండా ఎయిర్ బెడ్ వాడుతుంటే దాని పంపుని ఏ స్మార్ట్ ప్లగ్‌కీ తగిలించవద్దు. మా ఇంట్లో ఆ తప్పు నేనే చేశాను. ఖాళీగా ఉందని పంపుని స్మార్ట్ ప్లగ్‌లో పెట్టాను. ఒక రాత్రి మా మేనల్లుడు సరదాకి అన్నీ ఆఫ్ చెయ్యమన్నాడు, నిజంగానే అన్నీ ఆఫ్ అయ్యాయి. పంపు రొద ఆగిపోయిందని కూడా ఎవరూ గమనించలేదు, ఇంకా హాయిగా నిద్రపోయాం. తెల్లారి చూస్తే పరుపు చపాతీలా ఉంది, నాన్నగారి నడుం కింద ఎర్రగా కంది ఉంది. ఆక్సిజన్ మిషన్, నెబ్యులైజర్, మోటార్ మంచం, ఇవన్నీ కూడా అంతే, నేరుగా గోడ ప్లగ్‌లోకి, అదీ ఇన్వర్టర్ లైన్లోకి వెళ్లాలి. ఇక బకెట్లో పెట్టే వాటర్ హీటర్ రాడ్‌ని మాటతో ఆన్ చేసే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇప్పుడే మానుకోండి.

తలుపు లాక్ గురించి. మీ మెయిన్ డోర్‌కి లోపల గడియ ఉందా? ఉంటుంది, మన తలుపులకి పైన ఒకటి, కింద ఒకటి ఉంటాయి. అమ్మ వెళ్తూ బయటి నుంచి తాళం వేస్తారా, లేక దగ్గరగా వేసి వెళ్తారా? పాతిక వేల స్మార్ట్ లాక్ బిగించాక రాత్రి ఎవరో ఒకరు అలవాటు కొద్దీ గడియ పెట్టేస్తే అది ఉన్నా లేనట్టే. పైగా మాటతో తలుపు తెరవమంటే చాలా లాకులు పిన్ చెప్పమంటాయి, ఆ పిన్ వాడు గట్టిగా చదివితే కిటికీ అవతల ఉన్నవాడికీ వినపడుతుంది. ముందు పక్కింటివాళ్ల దగ్గర ఒక తాళం ఉంచండి. లాక్ సంగతి ఏడాది తర్వాత చూద్దాం.

అన్నిటికన్నా ముందు కొనాల్సింది స్పీకర్ కూడా కాదు. వైర్‌లెస్ కాలింగ్ బెల్. మూడు నాలుగు వందలకి వస్తుంది. రిసీవర్ బ్యాటరీతో నడిచేది చూసి, పక్కింట్లో పెట్టండి, బటన్ తమ్ముడి మోచేయి తగిలే చోట మంచం పట్టీకి కట్టండి. నెట్ పోయినా, కరెంటు పోయినా, గొంతు బొంగురుపోయినా మోగుతుంది. స్పీకర్‌ని 108కి ఫోన్ చెయ్యమంటే చెయ్యదు, అత్యవసర నంబర్లకి ఆ స్పీకర్ కాల్స్ పనికిరావు. మీకో, పక్కింటివాళ్లకో కాల్ వెళ్లేలా పెట్టి, నెలకోసారి నిజంగా పిలిచి చూసుకోండి.

ఖర్చంటారా, ఆ గది వరకు స్పీకర్ నాలుగైదు వేలు, ఒక లైటుకి, ఒక ఫ్యాన్‌కి మాడ్యూళ్లు మూడు నాలుగు వేలు, ఐఆర్ డబ్బా వెయ్యి పైన, కరెంటు పోయినా నెట్ ఆగకుండా రౌటర్‌కి చిన్న యూపీఎస్ వెయ్యిన్నర, బెల్, ఎలక్ట్రీషియన్ కూలీ. పన్నెండు, పదిహేను వేల మధ్య తేలుతుంది. ఒక గదితో మొదలుపెట్టి నెల రోజులు వదిలెయ్యండి. ఆ తర్వాత కూడా తమ్ముడు కర్టెన్ కావాలంటే కర్టెన్ పెట్టండి, కావాలని అడగడానికి వాడికి పూర్తి హక్కుంది, కానీ అడగాల్సింది వాడు, కొటేషన్ కాదు.

ఆ కొటేషన్ ఇచ్చినాయన మళ్లీ వస్తే మూడే అడగండి. మీ యాప్ ఆగిపోతే గోడ స్విచ్‌లు పనిచేస్తాయా? అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గర ఉంటుంది? వేరే కంపెనీ వస్తువు దీంట్లో కలుస్తుందా? మూడో దానికి మ్యాటర్ అనే పేరు గుర్తుపెట్టుకోండి, వేర్వేరు కంపెనీల వస్తువులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి 2022లో వచ్చిన ఉమ్మడి పద్ధతి. డబ్బా మీద ఆ గుర్తు ఉంటే రేపు ఇంకో కంపెనీకి మారడం తేలిక.

చెకప్‌కి వెల్లూరు వెళ్తుంటే, సీఎంసీ ఆస్పత్రివాళ్ల పునరావాస కేంద్రం బాగాయంలో ఉంది, అక్కడి ఆక్యుపేషనల్ థెరపిస్టుకి మీ మూడు రోజుల కాగితం చూపించండి. మోచేతితో ఏం చెయ్యగలడో, ఏది కట్టుకుంటే ఫోన్ తెర నొక్కగలడో వాళ్లు చూసి చెప్తారు. అన్నీ నోటితోనే చెయ్యాలని లేదుగా.

ప్రశ్న: అమ్మకు 68 ఏళ్లు, పార్కిన్సన్స్. గొంతు బాగా తగ్గిపోయింది. స్పీకర్ కొనిచ్చాను, వారం వాడింది, తర్వాత పక్కన పడేసింది. అది తన మాట వినదని విసుగు. నేను చెప్తే మాత్రం వెంటనే వింటుంది. సెట్టింగ్స్‌లో ఏమైనా మార్చాలా?
– హనుమకొండ నుంచి

జవాబు: మీరు చెప్తే వింటుందని రాశారు చూశారా, తప్పు అమ్మది కాదని అక్కడే తేలిపోయింది. ఇల్లంతా చూసి కొన్నారు, అమ్మ గొంతు విని కొనలేదు. నేనూ అదే చేశాను లెండి.

పార్కిన్సన్స్‌లో గొంతు నెమ్మదిస్తుంది, మాట ఒకే స్వరంలో వస్తుంది, చివరి అక్షరాలు మింగినట్టవుతాయి. విచిత్రం ఏంటంటే చాలామందికి తాము మెల్లగా మాట్లాడుతున్నామని తెలీదు, మామూలుగానే చెప్పాననుకుంటారు, అందుకే మిషన్ మీద అంత కోపం. మందు వేసుకున్న గంటకి గొంతు ఒకలా, తర్వాతి డోసు టైముకి ఇంకోలా ఉంటుంది. మీరు షాపులోనో, ఆదివారం పొద్దునో పరీక్షించి ఉంటారు. సాయంత్రం, డోసు దగ్గర పడ్డాక, టీవీ మోగుతుండగా, పడుకుని ఉన్నప్పుడు పరీక్షించండి. అప్పుడు వినకపోతే అది విననట్టే.

ముందు స్పీకర్‌ని చోటు మార్చండి. షోకేసులోంచి తీసి తలగడ పక్కన, నోటికి రెండడుగుల్లో. ఫ్యాన్ గాలి నేరుగా తగలని చోట, టీవీకి దూరంగా. పిలుపు మాట కూడా మార్చొచ్చు. అలెక్సా అనడానికి బదులు ఎకో అనో, కంప్యూటర్ అనో పెట్టుకోవచ్చు, అమ్మకి ఏది తేలిగ్గా నోరు తిరుగుతుందో పలికించి చూడండి. మా పెద్దమ్మ “అలక్ష్మి” అంటుంది, మార్చమని ఎంత చెప్పినా వినలేదు, అయినా స్పీకర్ అప్పుడప్పుడు పలుకుతుంది.

తర్వాత స్పీచ్ థెరపిస్టుని కలవండి. గొంతు పెంచి మాట్లాడే సాధన ఈ జబ్బులో నిజంగా పనిచేస్తుంది. రోజూ స్పీకర్‌తో పది మాటలు చెప్పడం కూడా సాధనే, అది వినలేదంటే గొంతు తగ్గిందని అమ్మకే తెలుస్తుంది. అయితే విసుగు పుట్టించే చోట సాధన పెట్టొద్దు, పాటలు పెట్టమనే దగ్గర పెట్టండి, బాత్‌రూమ్ లైటు దగ్గర వద్దు.

బాత్‌రూమ్ లైటుకైతే అసలు మాటే అక్కర్లేదు. మనిషి కదిలితే వెలిగే సెన్సర్ లైటు రెండు మూడు వందలు. రాత్రి మంచం దిగి కాలు కింద పెట్టగానే దారి కనపడాలి, ఆ సమయంలో ఎవరినో పేరు పెట్టి పిలిచి, అది విన్నదో లేదో చూసి, ఈలోపు చీకట్లో రెండడుగులు వేసి పడిపోవడం ఎందుకు? మాటతో నడిచే వస్తువులు అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు.

గొంతు ఇంకా తగ్గిపోతే? దానికీ దారులున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లలో స్విచ్ యాక్సెస్ అని ఉంటుంది, ఒకే ఒక పెద్ద బటన్‌తో తెర మొత్తం నడపొచ్చు, కొత్త ఫోన్లలో అయితే నోరు తెరవడం, కనుబొమ్మలెత్తడం కూడా బటన్‌లా పెట్టుకోవచ్చు. ఇది కొత్త సంగతి కూడా కాదు. 1960 ప్రాంతంలోనే ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండవిల్ ఆస్పత్రిలో రెజ్ మేలింగ్ అనే ఆయన పాసమ్ అనే యంత్రం తయారుచేశాడు. మెడ కింద కదలిక లేనివాళ్లు గొట్టంలోకి ఊది, పీల్చి, లైటు వేసుకునేవాళ్లు, గంట మోగించేవాళ్లు. గూగుల్ పుట్టడానికి ముప్పై ఎనిమిదేళ్ల ముందు మాట.

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. వైజాగ్‌లో అత్తమ్మకు తుంటి ఎముక ఆపరేషన్ అయింది. వచ్చే నెల వస్తూ ఇక్కడ ఆఫర్లో స్పీకర్, నాలుగు స్మార్ట్ ప్లగ్‌లు తేవాలనుకుంటున్నాం. పనిచేస్తాయా?

జవాబు: ప్లగ్‌లు వద్దేవద్దు. అవి 120 వోల్టులకు చేసినవి, మన దగ్గర 230. పిన్ను మార్చే అడాప్టర్ పెడితే వోల్టేజీ మారదు, ప్లగ్ కాలుతుంది, దానికి తగిలించినదీ కాలొచ్చు. స్పీకర్ అడాప్టర్ మీద 100–240 అని రాసి ఉంటే ఆ ఒక్కటీ తేవచ్చు, కానీ వారంటీ ఇక్కడ వర్తించకపోవచ్చు, అకౌంట్‌కి దేశం మార్చుకోవాలి, లేదంటే అత్తమ్మ వాతావరణం అడిగితే డల్లాస్‌లో వాన చెప్తుంది. అంత తంటా ఎందుకు, డబ్బులు పంపండి, వైజాగ్‌లో కొనుక్కుంటారు. మీరొచ్చిన పది రోజుల్లో మీరు చెయ్యాల్సింది ఇంకోటుంది: అత్తమ్మ పక్కన కూర్చుని ఆవిడ చేతనే చెప్పించి, ఆవిడ చేతనే తిట్టించి, అలవాటు చేయించి వెళ్లండి. సెట్ చేసి ఫ్లైటెక్కిన స్పీకర్లు చాలా ఇళ్లలో దుమ్ము పట్టి ఉన్నాయి.

ప్రశ్న: మాది కరీంనగర్ దగ్గర పల్లె. కరెంటు, నెట్ రెండూ నమ్మకం లేదు. మంచం పట్టిన నాన్నకు ఇవన్నీ దండగేనా?

జవాబు: దండగ కాదు, కానీ దాని మీదే ఆధారపడొద్దు. మామూలు స్పీకర్లు మన మాటని ఇంటర్నెట్ ద్వారా ఎక్కడో ఉన్న సర్వర్‌కి పంపి, అక్కడ అర్థం చేసుకుని వెనక్కి చెప్తాయి, నెట్ పోతే ఉత్త డబ్బాలు. ఫైబర్ నెట్ అయితే రౌటర్‌తోపాటు దాని పక్కన ఉండే చిన్న పెట్టెకి కూడా యూపీఎస్ కావాలి, చాలామంది రౌటర్ ఒక్కదానికే పెట్టి నెట్ రాలేదంటారు. స్పీకర్ని ఇన్వర్టర్ లైన్లో పెట్టండి. స్మార్ట్ ప్లగ్‌లు ఎక్కువ శాతం 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మీదే పనిచేస్తాయి, రౌటర్ రెండు పేర్లు చూపిస్తే 5 అని ఉన్నదానికి కాకుండా రెండో దానికి కలపండి, సగం ఫిర్యాదులు అక్కడే పోతాయి. కరెంటు వచ్చాక స్విచ్ ఏ స్థితిలో ఉండాలో యాప్‌లో ఒక సెట్టింగ్ ఉంటుంది, ఇదివరకు ఎలా ఉంటే అలా అని పెట్టండి, లేకపోతే అర్ధరాత్రి రెండింటికి కరెంటు రాగానే లైట్లన్నీ ఒక్కసారి భగ్గుమంటాయి.

నెట్ లేకుండా నడిచేలా హోమ్ అసిస్టెంట్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఇంట్లోనే చిన్న కంప్యూటర్లో పెట్టుకునేవాళ్లున్నారు. ఇంట్లో దాని మీద కూర్చునే మనిషి ఉంటేనే దాని జోలికి వెళ్లండి. మీకు నేను చెప్పేదైతే రిమోట్ ఫ్యాను, పెద్ద బటన్ల రిమోట్ తాడుతో మంచానికి కట్టి, ఒక వైర్‌లెస్ బెల్. ఆ పైన స్పీకర్, భజనలకి, కబుర్లకి.

ప్రశ్న: నా భార్యకు నడుం నుంచి కింద చలనం లేదు. అబ్బాయి హైదరాబాద్ నుంచి స్పీకర్, కెమెరా పంపాడు. ఎప్పుడు పడితే అప్పుడు దాంట్లోంచి “అమ్మా, ఎలా ఉన్నావు” అని వాడి గొంతు వస్తుంది. మంచి మనసుతోనే చేస్తున్నాడు. తనకి మాత్రం ఇబ్బందిగా ఉంది, బయటికి చెప్పలేకపోతోంది. అది రోజంతా వింటుందని కూడా అంటున్నారు. ఏం చెయ్యమంటారు?
– అనంతపురం

జవాబు: మీరు రాసినందుకు సంతోషం, ఈ మాట ఎవరూ రాయరు.

వినడం సంగతి ముందు చెప్తాను. స్పీకర్ మైకు ఎప్పుడూ పిలుపు మాట కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది, ఆ మాట వినపడ్డాక అన్నది సర్వర్‌కి పోతుంది. ఒక్కోసారి టీవీలో ఎవరో దగ్గరగా ఉన్న మాట అన్నా లేస్తుంది. స్పీకర్ మీద మైకు ఆపే బటన్ ఉంది, నొక్కితే ఎర్ర లైటు వస్తుంది. కానీ మంచం దిగలేని మనిషికి ఆ బటన్ అందుతుందా? అందదు. కాబట్టి స్నానం, బట్టలు మార్చడం, ట్యూబు మార్చడం లాంటి వేళల్లో మీరే నొక్కాలి. లేదా ఆ ప్లగ్ స్విచ్ మంచం పక్కకి తెప్పించండి, ఆవిడే ఆపుకుంటారు. యాప్‌లో పాత రికార్డింగులన్నీ చూడొచ్చు, తుడిపెయ్యొచ్చు, దాచకుండా పెట్టొచ్చు కూడా. అబ్బాయి చేత ఆవిడ ఎదురుగానే చేయించండి.

అబ్బాయి గొంతు ఉన్నట్టుండి రావడాన్ని డ్రాప్ ఇన్ అంటారు. ఫోన్ అయితే మోగుతుంది, మనం ఎత్తితేనే మాట వస్తుంది. ఇది ఎత్తక్కర్లేదు, నేరుగా గదిలోకి వచ్చేస్తుంది. పడిపోయి ఫోన్ ఎత్తలేని మనిషికి అది ప్రాణం కాపాడొచ్చు, నేను కాదనను. కానీ తలుపు కొట్టకుండా గదిలోకి వచ్చే హక్కు కొడుక్కైనా ఎవరిచ్చారు? నడవగలిగే తల్లి గదిలోకి ఇలా వచ్చేవాడా? మా ఇంట్లో నాన్నగారు ఓ రోజు ఆ స్పీకర్ మీద తువ్వాలు కప్పేశారు. మేం రెండ్రోజులు అది పాడైందనుకున్నాం.

అబ్బాయికి ఫోన్ చేసి, ఆవిడ పక్కన ఉండగానే, స్పీకర్ ఫోన్లో మాట్లాడండి. డ్రాప్ ఇన్ ఆపేసి మామూలు కాల్ పెట్టుకోమనండి, అది మోగుతుంది, ఆవిడ “ఆన్సర్” అంటేనే కలుస్తుంది. రెండుసార్లు ఎత్తకపోతే మీకు చెయ్యాలి, మీరూ ఎత్తకపోతే పక్కింటికి. కెమెరా విషయంలో అయితే నా మాట ఒక్కటే, మంచం వైపు నుంచి తిప్పి వీధి తలుపు వైపు పెట్టండి. ఎవరొచ్చారో పడుకునే చూసుకోవచ్చు, ఆ బొమ్మ ఆవిడ ఫోన్లోకి వచ్చేలా పెట్టమనండి అబ్బాయిని. వాడి ఫోన్లోకి అక్కర్లేదు.